52 ఏళ్ళకి మళ్ళీ వెలోడ్రోమ్ ఎక్కి రేసు ఆడొచ్చా?

పాత_పర్స్యూటర్
తొంభైల మొదట్లో యూనివర్సిటీ జట్టుకి, తర్వాత స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం తరఫున ట్రాక్ సైక్లింగ్ ఆడాను. నాది ఇండివిడ్యువల్ పర్స్యూట్, అంటే ట్రాక్‌కి ఎదురెదురు వైపుల నుంచి ఇద్దరు బయల్దేరే రేసు, 4000 మీటర్లు. పెళ్ళయ్యాక బదిలీలు, పిల్లల చదువులు, నాన్న అనారోగ్యం... పాతికేళ్ళు వెలోడ్రోమ్ (గోడల్లా వాలిన మలుపులుండే సైకిల్ రేసు ట్రాక్) వైపు వెళ్ళలేదు. కోవిడ్ తర్వాత రోడ్ బైక్ కొన్నాను. ఆదివారాలు వంద కిలోమీటర్లు హాయిగా వెళ్ళొస్తున్నాను. ఇప్పుడు 52. మళ్ళీ ట్రాక్ మీద రేసు ఆడాలని ఉంది. సరదాగా నాలుగు రౌండ్లు తిరగడం కాదు, వీపుకి నంబరు కట్టుకుని ఆడాలి.

ఒక అకాడమీకి వెళ్తే అక్కడి కోచ్ "పిల్లల బ్యాచ్ అయ్యాక వచ్చి వాకింగ్ చేసుకోండి సార్" అన్నాడు. ఇంట్లో "ముసలోడికి దసరా పండగ" అంటున్నారు. వాళ్ళ మాటలు పక్కన పెట్టినా, నన్ను నిజంగా కలవరపెడుతున్నది ఇంకోటి ఉంది. దూరం ఎంతైనా తొక్కగలుగుతున్నా, స్టాండింగ్ స్టార్ట్‌లో, అంటే ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా లాగేటప్పుడు, కాళ్ళు పలకడం లేదు. బండి వేగం అందుకోవడానికే యుగం పడుతోంది. వయసుతో పోయిన బలమా, ఇక రాదా? సాధన చేస్తే వస్తుందా? ఇలా తిరిగొచ్చి ఆడినవాళ్ళుంటే చెప్పండి.

బీఆర్‌ఎం_బాబ్జీ
అన్నా, ఈ వయసులో బ్రేకుల్లేని బండెక్కి గోడ మీద తిరగడం అవసరమా? మా బ్యాచ్‌తో 200 బీఆర్‌ఎంకి, అంటే గడువు లోపల 200 కిలోమీటర్లు తొక్కే రైడ్‌కి, రా. తెల్లారేసరికి ఊరు దాటేస్తాం, దారిలో ఇడ్లీ, పది గంటలకి చెరుకురసం.

పాత_పర్స్యూటర్
బాబ్జీ, 200, 300 రెండూ చేశాను. చాలా ఇష్టపడ్డాను కూడా. కానీ అందులో గెలుపోటములు లేవు కదా. టైమ్ లోపల వస్తే అందరూ సమానమే. నాకు పక్కవాడికంటే ముందు గీత దాటాలని ఉంది.

మాంచెస్టర్_మూర్తి
ఆ కోరిక ఉన్నవాళ్ళ కోసమే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ మాస్టర్స్ ట్రాక్ వరల్డ్ చాంపియన్‌షిప్స్ పెట్టింది. 35 దాటినవాళ్ళకి ఐదేసి ఏళ్ళ విభాగాలు. అంటే మీరు 50-54లో ఆడతారు, పాతికేళ్ళ కుర్రాడితో కాదు. చాలా ఏళ్ళు అవి మా ఊళ్ళోనే జరిగాయి. డెబ్బై దాటినవాళ్ళు స్ప్రింట్‌లో ఒకళ్ళ చక్రం వెనక ఒకళ్ళు కాచుక్కూర్చుని, చివరి ల్యాప్‌లో ఒక్కసారిగా బ్యాంకింగ్ (మలుపు వాలు) మీంచి దూకడం స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. గెలిచినవాళ్ళకి ఇంద్రధనుస్సు చారల జెర్సీ ఇస్తారు. వయసు పెరిగేకొద్దీ పోటీ దూరాలు తగ్గిస్తారు కాబట్టి మీ పాత 4000 అక్కడ ఉండదు.

నేను 44లో మొదలుపెట్టాను. అంతకుముందు ట్రాక్ చూసింది టీవీలోనే. ఇక్కడి వెలోడ్రోమ్ 1994లో తెరిచారు. చెక్క ట్రాక్, 250 మీటర్లు, మలుపుల్లో వాలు 42 డిగ్రీలపైనే. ఎంత అనుభవమున్నా నేరుగా గ్రూపులోకి వదలరు. మెట్లుమెట్లుగా అక్రెడిటేషన్ ఉంటుంది. ముందు ఒంటరిగా లైన్ పట్టుకుని తొక్కడం, తర్వాత ముందువాడి చక్రం దగ్గరగా ఉండటం, వరసలో మారడం, అన్నీ చూసి సంతకం పెడతారు. వయసెంతని ఎవరూ అడగరు, భుజం మీంచి వెనక్కి చూసి కదులుతున్నావా లేదా అన్నదే చూస్తారు. ఈ పద్ధతి మన దగ్గర కూడా వస్తే ఆ కోచ్‌లాంటివాళ్ళకి భయం తగ్గుతుంది. పెద్దవాళ్ళు పడితే బాధ్యత తన మీదకి వస్తుందని కూడా ఆయన అలా అని ఉండొచ్చు.

ఫిజియో_లక్ష్మి
అసలు ప్రశ్నకి వస్తాను. కండరాల్లో స్థూలంగా రెండు రకాల పోగులుంటాయి. నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేవి ఒకటి. ఒక్కసారిగా బలం చూపి త్వరగా అలిసిపోయేవి ఇంకోటి. వయసుతో ముందుగా సన్నబడేవి ఈ రెండో రకం. అందుకే ఓపిక చాలాకాలం నిలుస్తుంది, మెరుపు ముందు పోతుంది. అయితే పాతికేళ్ళుగా ఆ పోగులకి మీరు పని చెప్పలేదు. ఆదివారం వంద కిలోమీటర్లలో అవి దాదాపు నిద్రపోతూనే ఉంటాయి. కాబట్టి మీరు పోగొట్టుకున్నదాంట్లో వయసు వాటా కొంతే, మిగతాది వాడకపోవడం వల్ల పోయింది. ఆ రెండోది తిరిగొస్తుంది. డెబ్బైల్లో బరువులు ఎత్తడం మొదలుపెట్టినవాళ్ళకి కూడా బలం పెరుగుతుందని ఎన్నో పరిశోధనలు తేల్చాయి.

జిమ్ వారానికి రెండుసార్లు తప్పనిసరి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, లెగ్ ప్రెస్. మొదటి నెల తేలిక బరువులతో పద్ధతి నేర్చుకోండి. ట్రాక్ మీద స్టాండింగ్ స్టార్ట్‌లు నాలుగైదుకి మించొద్దు, మధ్యలో ఎనిమిది పది నిమిషాలు పూర్తి విశ్రాంతి. ఆయాసం తగ్గగానే మళ్ళీ మొదలుపెడితే అది స్ప్రింట్ సాధన అవదు, అలసట సాధన అవుతుంది. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. కండరం వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్‌కి నెలలు పడుతుంది. కాళ్ళు రెడీ అనిపించిన రోజుకి మోకాలి చిప్ప కింది టెండన్ ఇంకా రెడీగా ఉండదు. తిరిగొచ్చే పాత ఆటగాళ్ళు నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆ నొప్పితోనే.

స్ప్రింట్_సాయి
అంకుల్, గేర్ ఎంత వేస్తున్నారు? ఇప్పుడు ట్రాక్‌లో అందరూ పెద్ద గేర్లే. చైన్‌రింగ్ (ముందు పళ్ళ చక్రం) అరవై పళ్ళ దాకా వెళ్ళింది. మీ కాలం గేర్లతో తొక్కితే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి తప్ప వేగం రాదు.

రైల్వే_రాజన్న
సాయీ, ఆ అరవై పళ్ళు వేసేవాళ్ళు జిమ్‌లో ఎంత ఎత్తుతారో కూడా చెప్పు. తిరిగొచ్చినవాడికి మొదటి ఆరు నెలలు పెద్ద గేర్ వద్దు. 48-16తో (ముందు 48 పళ్ళు, వెనక 16) మొదలుపెట్టాలి. చక్రం 27 అంగుళాలనుకుని పళ్ళ నిష్పత్తితో హెచ్చిస్తే అది 81 అంగుళాల గేర్. కేడెన్స్ (నిమిషానికి పెడల్ తిప్పులు) 120 దాకా కుదుపు లేకుండా తిప్పగలిగాక 48-15కి రావాలి, అది 86 చిల్లర. నాకిప్పుడు 63. నలభై ఏళ్ళ కింద స్టీల్ ఫ్రేము మీద, జిగురుతో అంటించిన ట్యూబ్యులర్ టైర్లతో ఆడాం. ఆరోజుల్లో కూడా ట్రైనింగ్‌కి ఒక గేర్, రేసుకి ఒక గేర్.

స్ప్రింట్_సాయి
నేను రేసు గేర్ గురించే అన్నాను పెదనాన్నా. ట్రైనింగ్‌కి మీరన్నదే కరెక్ట్. కానీ స్టార్ట్‌లో బలం రావాలంటే అప్పుడప్పుడు బరువు గేర్ మీద కూడా లాగాలి కదా, లక్ష్మి అక్క చెప్పిన జిమ్ బలం సైకిల్ మీదకి రావాలంటే?

ఫిజియో_లక్ష్మి
సాయి అన్నదాంట్లో నిజముంది. కాకపోతే ముందు జిమ్‌లో మూడు నాలుగు నెలల పునాది పడాలి. అప్పటిదాకా రాజన్నగారి గేరే.

లెక్కల_మాస్టారు
48-15 అంటే ఒక తిప్పుకి దాదాపు 6.9 మీటర్లు. నిమిషానికి 100 తిప్పితే గంటకి 41 కిలోమీటర్లు, 120 తిప్పితే 49 దాటుతుంది. పర్స్యూటర్ గారి వయసు విభాగానికి ఈ వేగం చిన్నదేమీ కాదు. గేర్ పెంచకుండానే చాలా దూరం వెళ్ళొచ్చని రాజన్నగారి మాటకి లెక్క కూడా ఒప్పుకుంటోంది.

హెల్యర్_హరి
శాన్ హోసేలో ఉంటాను. మాకు హెల్యర్ పార్క్‌లో ఆరుబయట కాంక్రీట్ వెలోడ్రోమ్ ఉంది, ల్యాప్ 335 మీటర్లు. ఇక్కడ యాభై దాటిన తెలుగువాళ్ళం ముగ్గురం ఉన్నాం. రోడ్డు నుంచి ట్రాక్‌కి వచ్చేవాళ్ళకి అసలు ప్రమాదం వయసు కాదు, ఫ్రీవీల్ (కాలు ఆపినా చక్రం తిరిగే ఏర్పాటు) అలవాటు. ఏళ్ళ తరబడి రోడ్ బైక్ తొక్కినవాడు అలసిపోగానే కాలు ఆపుతాడు. ట్రాక్ బండిది ఫిక్స్‌డ్ గేర్, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది. దాని మీద కాలు ఆపితే వెనక చక్రం మనిషిని పైకి విసిరేస్తుంది. గ్రూపులో ఉండగా అది జరిగితే వెనకున్న నలుగురూ పడతారు. పాత పర్స్యూటర్ గారికి ఒంట్లో పాత జ్ఞాపకం ఉంటుంది, కానీ మధ్యలో రోడ్ బైక్ అలవాటు దాని మీద పేరుకుంది. ముందు కొన్ని వారాలు రోలర్ల (బండిని ఉన్నచోటే తొక్కనిచ్చే తిరిగే స్థూపాలు) మీద ఫిక్స్‌డ్ బండి తొక్కండి. రేసు అయిపోయి ఊపిరి అందని క్షణంలో కూడా కాళ్ళు వాటంతటవి తిరుగుతూ ఉండాలి. ఇంకో మాట, నిలువు బ్యాంకింగ్ మీద భయపడి మెల్లగా వెళ్తేనే టైరు జారుతుంది. 250 మీటర్ల ట్రాక్‌లో మలుపు తీసుకోవాలంటే గంటకి 30 దాకా వేగం ఉండాల్సిందే.

గుంటూరు_డాక్టర్
ఇంతమంది గేర్లు, కండరాలు మాట్లాడారు, గుండె సంగతి ఎవరూ ఎత్తలేదు. మన దేశంలో గుండె జబ్బు పాశ్చాత్యులకంటే ముందు వయసులోనే వస్తుంది. 50 దాటి గరిష్ఠ స్థాయి స్ప్రింట్‌లు మొదలుపెట్టేవాళ్ళు ముందు బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్, ఈసీజీ, 2డీ ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష) చేయించుకుని కార్డియాలజిస్టుకి చూపించండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. టీఎంటీ నార్మల్ వచ్చిందంటే ఇక జీవితాంతం గ్యారంటీ అనుకోవద్దు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజుకి దిగిపోవాలి. ఏళ్ళ తరబడి తీవ్రంగా ఎండ్యూరెన్స్ ఆటలు ఆడిన మగవాళ్ళలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి దడ వస్తే "అలసటలే" అని వదిలేయకండి.

బీఆర్‌ఎం_బాబ్జీ
డాక్టర్ గారూ, మరి ఇవన్నీ చదివాక కూడా ట్రాక్ వద్దనరేం? నేను మొదటినుంచీ అదే అంటున్నా.

గుంటూరు_డాక్టర్
అనను బాబ్జీ గారూ. కదలకుండా సోఫాలో కూర్చునే పేషెంట్ల గురించే నాకు ఎక్కువ బెంగ. చూపించుకుని ఆడమంటున్నాను, మానేయమనడం లేదు.

లెక్కల_మాస్టారు
గరిష్ఠ హృదయ స్పందన గురించి కూడా. 220లోంచి వయసు తీసేసే పాత సూత్రం పెద్ద వయసువాళ్ళకి తక్కువ చూపిస్తుంది. 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేయడం మెరుగు. 52కి పాత లెక్కలో 168, కొత్త లెక్కలో దాదాపు 172. అదీ సగటే. మనిషికీ మనిషికీ పది పైన తేడా ఉండొచ్చు.

వైజాగ్_వసంత
ఆడవాళ్ళ మాట కూడా రాయనివ్వండి. నాకు 47. కాలేజీ రోజుల్లో జూనియర్ స్థాయిలో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ఆడాను. పోయినేడు మళ్ళీ మొదలుపెట్టాను. "పెళ్ళికెదిగిన పిల్లని పెట్టుకుని ఆ బట్టలేంటి" అన్న మాట మీకెవరికీ వినపడి ఉండదు, నాకు మా వీధిలో రోజూ వినపడుతుంది. మా అమ్మాయే నాకు టైమ్ పట్టేది, కాబట్టి ఆ మాటని లెక్క చేయను.

మెనోపాజ్ దగ్గరపడే వయసులో ఎముకల సాంద్రత తగ్గుతుంది. సైకిల్ మీద శరీర బరువు సీటు మోస్తుంది కాబట్టి సైక్లింగ్ ఒక్కటే చేస్తే ఎముకలకి మేలు జరగదు. నేను డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత పరీక్ష) చేయించుకున్నాకే ట్రాక్ ఎక్కాను. బరువులు ఎత్తడం మాకు స్ప్రింట్ కోసమే కాదు, పడినప్పుడు తుంటి విరగకుండా ఉండటానికి కూడా.

ఫ్రెంచి సైక్లిస్టు జానీ లాంగో 2000 డిసెంబర్‌లో మెక్సికో సిటీలో గంట రికార్డు (ట్రాక్ మీద గంటలో తొక్కిన అత్యధిక దూరం) పెట్టినప్పుడు ఆమె వయసు 42. తొక్కింది 45.094 కిలోమీటర్లు. బ్రిటన్‌కి చెందిన సారా స్టోరీ 1992 పారాలింపిక్స్‌లో ఈతగత్తె. టోక్యోలో సైక్లింగ్ ట్రాక్ మీద పర్స్యూట్ స్వర్ణం గెలిచేనాటికి ఆమెకి 43. వీళ్ళు నలభై దాటాక కూడా రికార్డులు పెట్టారు, స్వర్ణాలు గెలిచారు. 52లో ఒక స్టాండింగ్ స్టార్ట్ సరిచేసుకోవడం అసాధ్యమని ఎవరైనా అంటే నేను నమ్మను.

స్ప్రింట్_సాయి
జర్మనీ సైక్లిస్టు యెన్స్ వాయ్‌క్ట్‌ని మర్చిపోయారు. 2014లో 43వ పుట్టినరోజు మర్నాడు స్విట్జర్లాండ్‌లో గంట రికార్డు కొట్టాడు, 51 కిలోమీటర్ల పైన. బ్రిటన్ సైక్లిస్టు విగిన్స్ రోడ్డు వదిలి ట్రాక్‌కి తిరిగొచ్చి రియో ఒలింపిక్స్‌లో టీమ్ పర్స్యూట్ స్వర్ణం కొట్టినప్పుడు 36. జపాన్ కెయిరిన్‌లో (పందేలు కాసే ట్రాక్ రేసులు) యాభై దాటిన ప్రొఫెషనల్స్ ఇప్పటికీ ప్రైజ్‌మనీకి ఆడుతున్నారు.

రంపచోడవరం_రవి
వాళ్ళందరూ ఆపకుండా ఆడినవాళ్ళు తమ్ముడూ. పాతికేళ్ళు మానేసి తిరిగొచ్చినవాడి కథ వేరు. దాన్ని దీనికి సాక్ష్యంగా చూపించకూడదు.

లెక్కల_మాస్టారు
రవి గారి అభ్యంతరం న్యాయమే. దానికి రాబర్ట్ మార్షాన్ ఉన్నాడు. ఫ్రాన్స్ దేశస్థుడు, 1911లో పుట్టాడు. కుర్రతనంలో సైకిల్ తొక్కి, దశాబ్దాలు వదిలేసి, అరవై ఏడో ఏట మళ్ళీ పట్టుకున్నాడు. 2012లో, నూరేళ్ళు నిండాక, గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. 2014లో, 102 ఏళ్ళప్పుడు, అదే గంటలో 26.927. అంటే రెండేళ్ళు ముసలివాడై రెండున్నర కిలోమీటర్లకి పైగా ఎక్కువ తొక్కాడు! మధ్యలో ఏం జరిగిందంటే, వెరోనిక్ బియా అనే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఆయన సాధన మార్చింది. ఎక్కువ భాగం తేలిగ్గా, కొంత భాగం కష్టంగా. 101 నుంచి 103 ఏళ్ళ మధ్య ఆయన వీఓ2 మాక్స్ (శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) 31 నుంచి 35కి పెరిగింది, గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125కి. ఇది ఒక్క మనిషి మీద చేసిన అధ్యయనమే, అందరికీ వర్తిస్తుందని అనను. కానీ వందేళ్ళ వయసులో కూడా శరీరం సాధనకి బదులిస్తుందని దాంతో తేలింది.

రంపచోడవరం_రవి
ఇది ఒప్పుకుంటాను. 102లో ఆయన పెంచుకోగలిగితే 52 అంటే కుర్రాడే.

మాంచెస్టర్_మూర్తి
రేసు ఆడాలనుకునేవాళ్ళు మర్చిపోయే విషయం ఒకటి, డోపింగ్ పరీక్షలు. మాస్టర్స్‌కి కూడా చేస్తారు. 2018లో అమెరికా మాస్టర్స్ ట్రాక్ నేషనల్స్‌లో 90 ఏళ్ళ కార్ల్ గ్రోవ్ ఇండివిడ్యువల్ పర్స్యూట్‌లో గెలిచాడు. పరీక్షలో నిషిద్ధ పదార్థం తేలింది. ముందు రోజు రాత్రి తిన్న మాంసం వల్ల కావచ్చని అక్కడి సంస్థే తేల్చి, హెచ్చరికతో వదిలింది. ఫలితం మాత్రం రద్దయింది. తొంభై ఏళ్ళ పెద్దాయన పేరు పేపర్లకెక్కింది పాపం. డాక్టర్ గారు మన మందుల సంగతి చెప్తే బాగుంటుంది.

గుంటూరు_డాక్టర్
చాలా అవసరమైన మాట ఎత్తారు. మన వయసువాళ్ళలో సగంమంది ఏదో ఒక మాత్ర వేసుకుంటాం. బీపీకి ఇచ్చే కాంబినేషన్ మాత్రల్లో చాలావాటిలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మూత్రం ఎక్కువచేసే మందు కలిసి ఉంటుంది. అది నిషిద్ధ జాబితాలో ఉంది. స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. అదే బీపీకి ఆ మందు లేని మాత్రలు దొరుకుతాయి, మీ డాక్టరుని మార్చమని అడగండి. మీ అంతట మీరు మానేయొద్దు. ఇన్సులిన్ కూడా జాబితాలో ఉంది. అది తప్పనిసరైనవాళ్ళు మన డోపింగ్ నిరోధక సంస్థ నాడా దగ్గర టీయూఈ అనే వైద్య మినహాయింపుకి దరఖాస్తు చేసుకోవాలి. మెట్‌ఫార్మిన్‌కి ఇబ్బంది లేదు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడులు అసలే వద్దు.

పాత_పర్స్యూటర్
నా బీపీ మాత్ర స్ట్రిప్ ఇప్పుడే చూశాను. డాక్టర్ గారు చెప్పిన మందు అందులో ఉంది! రేపే మా ఫిజీషియన్ని కలుస్తాను. ఈ ఒక్క మాటకి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

అవుటర్_అనిల్
ట్రైనింగ్ ఎక్కడ చేస్తారు సార్? హైదరాబాద్ అయితే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ పలకల నీడ. ఇంటర్వెల్స్‌కి బాగుంటుంది.

వైజాగ్_వసంత
స్థిరమైన వేగంతో ఇంటర్వెల్స్‌కి సరే. స్ప్రింట్‌లకి మాత్రం వద్దు అనిల్. అక్కడికి చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళుంటారు. బ్రేకుల్లేని బండి ఆ ట్రాక్ మీదకి అసలే తీసుకెళ్ళకూడదు.

రైల్వే_రాజన్న
హైదరాబాద్‌లో 2002 నేషనల్ గేమ్స్‌కి కట్టిన వెలోడ్రోమ్ ఉస్మానియా యూనివర్సిటీలో ఉంది. ముందు రాష్ట్ర సంఘంలో పేరు నమోదు చేయించుకో తమ్ముడూ. ఫెడరేషన్ లైసెన్స్ లేకుండా రేపు మూర్తిగారి మాస్టర్స్ వరల్డ్స్‌కి కూడా వెళ్ళలేవు. పర్మిషన్‌కి ఒక్కడివే వెళ్తే వాకింగే చేసుకోమంటారు. నలభై దాటినవాళ్ళం అయిదారుగురం కలిసి, మెడికల్ సర్టిఫికెట్లు పట్టుకుని, ఒక లెటర్ మీద సంతకాలు చేసి వారానికి రెండు పొద్దులు స్లాట్ అడుగుదాం. పిల్లల బ్యాచ్‌కి అడ్డం రాకుండా. నేను వస్తాను. రేసు ఆడను, స్టార్ట్‌లో సైకిల్ పట్టుకోవడానికి మనిషి కావాలి కదా.

హెల్యర్_హరి
ఈ లెటర్ ఆలోచన అద్భుతం. మా ఊళ్ళో క్లబ్బులు నడిచేది సగం ఇలా సైకిల్ పట్టుకునే పెద్దల వల్లే.

బీఆర్‌ఎం_బాబ్జీ
నేను 41. ఆ లెటర్ మీద నా సంతకం కూడా పెట్టించండి. రేసు సంగతి తర్వాత, ఆ గోడ మీద ఒక్కసారి తిరగాలని ఇదంతా చదివాక నాకూ అనిపిస్తోంది.

పాత_పర్స్యూటర్
బాబ్జీ, నువ్వే వస్తానన్నావంటే ఇక ఆగేది లేదు! ఇలా అనుకుంటున్నాను. ఈ వారం పరీక్షలు, మందు మార్పు. ఆ తర్వాత నాలుగు నెలలు జిమ్ రెండు రోజులు, రోలర్ల మీద ఫిక్స్‌డ్ బండి. 48-16 దాటను. స్టాండింగ్ స్టార్ట్‌లు లక్ష్మి గారు చెప్పిన లెక్కలోనే. లెటర్ నేను రాసి ఇక్కడే పెడతాను, ఎవరి పేర్లు కలపాలో చెప్పండి.

ఫిజియో_లక్ష్మి
ప్రోటీన్ మర్చిపోకండి. మన భోజనంలో అన్నం ఎక్కువ, పప్పు తక్కువ. ప్రతి పూటా గుడ్లో, చేపో, పనీరో, పెసలో ఏదో ఒకటి సరిపడా ఉండాలి. ఈ వయసులో రోజంతా ప్రోటీన్ మానేసి రాత్రి ఒక్కపూటే ఎక్కువ తింటే పని చేయదు. గట్టి సెషన్‌కీ గట్టి సెషన్‌కీ మధ్య రెండు రోజులు ఉండనివ్వండి.

వైజాగ్_వసంత
లెటర్‌లో "పురుషులు" అని రాయకండి, "క్రీడాకారులు" అని రాయండి. హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు.

పాత_పర్స్యూటర్
తప్పకుండా అమ్మా. వాళ్ళ పేర్లు నాకు మెసేజ్ చేయండి. ఎవరిదగ్గరైనా 16 పళ్ళ ట్రాక్ కాగ్ (వెనక పళ్ళ చక్రం) ఉందా? నా దగ్గర ఉన్నవన్నీ 14, 15.

రైల్వే_రాజన్న
నా దగ్గర రెండున్నాయి. దాన్ని బిగించే లాక్‌రింగ్ కూడా ఇస్తాను. మౌలాలి వైపు వచ్చినప్పుడు ఫోన్ చెయ్, కొత్త చైన్ కూడా తెచ్చుకో, కొత్త కాగ్ మీద పాత చైన్ వేస్తే దూకుతుంది.